మొక్కజొన్న చేలల్లో లావెండర్ పరిమళం

లావెండర్ అనగానే మనకు గుర్తొచ్చేది పౌడరు డబ్బా, సబ్బు, లేదంటే చీర రంగు. జమ్మూ కొండల్లోని భదర్వాలో మాత్రం పిల్లల ఫీజులు, పెళ్లి ఖర్చులు, ఇంటి మరమ్మతులు... అన్నీ ఆ పూల మీదే! తరతరాలుగా తిండిగింజలు పండించిన చేలల్లో పూలమొక్కలు నాటిన ఊళ్లవి.

జూన్ నెల. మన దగ్గర తొలకరి కోసం ఎదురుచూపులు. అదే సమయంలో జమ్మూకశ్మీర్‌లోని దోడా జిల్లా భదర్వా చుట్టుపక్కల కొండవాలు చేలు ఊదారంగులోకి మారిపోతాయి. మోకాలెత్తు గుబురు మొక్కలు, ఒక్కో మొక్కకీ గుత్తులుగా కంకులు, వాటి మీద తేనెటీగల రొద. కోతల రోజుల్లో ఆడా మగా కొడవళ్లు పట్టుకుని చేలో దిగుతారు. గుప్పెటకు అందినన్ని కంకులు పట్టి కోయడం, గుడ్డలో వేయడం, మూట కట్టడం. సాయంత్రం ఇంటికెళ్లేసరికి చేతులు, బట్టలు, జుట్టు... ఎక్కడ చూసినా అదే వాసన.

జమ్మూ నుంచి భదర్వా సుమారు 200 కిలోమీటర్లు. శ్రీనగర్ వెళ్లే పాత దారిలో పత్నీటాప్ దాటి బటోట్ చేరి, అక్కడ పక్కకు తిరిగితే చీనాబ్ నది తోడొస్తుంది. పుల్ దోడా దగ్గర చీనాబ్‌ను వదిలి, అందులో కలిసే నీరూ వాగు వెంట పైకి సాగాలి. సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో, దేవదారు అడవుల మధ్య కనిపిస్తుంది భదర్వా. 'ఛోటా కశ్మీర్' అని దీనికి ముద్దుపేరు. వాసుకి నాగ్ ఆలయం, జై లోయ పచ్చికబయళ్లు, ఉత్తరాది వంటిళ్లలో పేరున్న రాజ్మా... నిన్నమొన్నటి వరకూ ఊరి గుర్తింపు ఇవే. ఇప్పుడు ఆ జాబితాలో లావెండర్ చేరింది.

తిండి పండే చేలో పూలా?

ఇక్కడి రైతుకు ఉండేది మెట్లుమెట్లుగా చెక్కిన చిన్న చిన్న మడులు. వాటిలో వానాధారంగా మొక్కజొన్న. రొట్టెకు పిండీ, పశువులకు మేతా దాన్నుంచే రావాలి. వాన తప్పితే పంట లేదు. పండినా కోతుల బెడద. దీనికి తోడు 1990ల్లో దోడా ప్రాంతం తీవ్రవాదంతో నలిగిపోయింది. చేను ఇంటిని పోషించలేకపోతే కుర్రాళ్లు మైదానాలకు పనికి పోవాల్సిందే.

ఇలాంటి చోటికి లావెండర్‌ను చేర్చింది జమ్మూలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటిగ్రేటివ్ మెడిసిన్. 1941లో ఔషధ పరిశోధనశాలగా మొదలై, తర్వాత సీఎస్ఐఆర్ కిందికి వచ్చి, 2007లో ఈ పేరు పెట్టుకున్న సంస్థ ఇది. మన చలికొండలకు సరిపోయే 'ఆర్ఆర్ఎల్-12' అనే లావెండర్ రకాన్ని తయారుచేసిందీ ఇదే. 2016-17లో సీఎస్ఐఆర్ 'అరోమా మిషన్' ప్రారంభించాక రైతులకు ఉచితంగా మొక్కలివ్వడం, సాగు నేర్పడం, ఊళ్ల దగ్గర నూనె తీసే యంత్రాలు పెట్టడం ఊపందుకున్నాయి.

అయినా చేతిలో ఉన్న గింజను వదిలి, తినడానికి పనికిరాని పూలను నమ్మడం మాటలు కాదు. లావెండర్ నాటిన ఏడాది చేతికి దాదాపు ఏమీ రాదు. నిండుగా పూయాలంటే రెండు మూడేళ్లు ఆగాలి. ఆ రోజుల్లో ఇంట్లోకి గింజలు ఎక్కణ్నుంచి వస్తాయి? రెండెకరాలైనా లేని కుటుంబానికి అది చిన్న ప్రశ్న కాదు. అందుకే ఈ కథలో శాస్త్రవేత్తల కృషి ఎంతో, ముందుగా నాటిన రైతుల గుండెధైర్యమూ అంతే.

ఆ ఓపికకు ఫలితం దక్కింది. ఒకసారి వేళ్లూనుకున్న మొక్క పదిహేనేళ్ల వరకూ పూస్తుంది. ఏటా దున్నే పనీ విత్తే పనీ లేవు. నీళ్లు ఎక్కువ అడగదు. ఘాటు వాసన వల్ల పశువులు, కోతులు పెద్దగా ముట్టుకోవు. హెక్టారు మొక్కజొన్నతో ఏడాదికి 40 నుంచి 60 వేల రూపాయలు వచ్చే చోట లావెండర్‌తో మూడున్నర నుంచి ఆరు లక్షలు వస్తున్నాయన్నది సీఎస్ఐఆర్ లెక్క. ఈ మార్పుకే 'ఊదా విప్లవం' అని పేరు పెట్టారు. 2022 మేలో భదర్వాలో తొలి లావెండర్ ఉత్సవం జరిగింది. 2024 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో సీఎస్ఐఆర్ శకటం మీద కనిపించిందీ ఈ పూలే.

నూనె బట్టీలో...

కోసిన కంకులను ఎక్కువసేపు నిల్వ ఉంచితే నూనె తగ్గిపోతుంది. అందుకే యంత్రం ఊరి దగ్గరే ఉండాలి. పెద్ద స్టీలు పాత్రలో కంకులను దట్టంగా కూరి, కింద నుంచి ఆవిరి పంపుతారు. ఆ ఆవిరి పూలలోని నూనెను వెంటబెట్టుకుని గొట్టంలోకి వెళ్తుంది. గొట్టం చుట్టూ చన్నీళ్లు. చల్లబడిన ఆవిరి నీరై కారుతుంది, నూనె పైన తేలుతుంది. మన పల్లెల్లో ఒకప్పటి సారా బట్టీ సూత్రమే! వంద కిలోల పూలకు వచ్చేది అటూఇటూగా కిలో నూనె. మిగిలిన నీళ్లూ వృథా కావు. గులాబీ నీరులాగే దాన్నీ సీసాల్లో నింపి అమ్ముతారు.

లీటరు నూనె వేల రూపాయలు పలుకుతుంది కాబట్టే కల్తీకీ కొదవ లేదు. లావెండర్ వాసనలో ముఖ్యమైన లినలూల్, లినలైల్ ఎసిటేట్ అనే పదార్థాలను కృత్రిమంగా తయారుచేసి కలిపేస్తారు. ఇంకొందరు అదే జాతిలో చవకగా ఎక్కువ నూనెనిచ్చే 'లావాండిన్' నూనెను కలుపుతారు. అలాంటి సీసా సగం ధరకే దొరికితే, కొండమీద కొడవలి పట్టిన రైతు నూనెకు గిరాకీ పడిపోతుంది. మొక్కజొన్న ధర పడితే ఇంట్లో వండుకోవచ్చు. లావెండర్ ధర పడితే? ఆ భయం భదర్వా చేలను ఇంకా పూర్తిగా వదల్లేదు. అందుకే లేబుల్ మీద 'లావండ్యులా అంగుస్టిఫోలియా' అన్న పేరు, పండిన ఊరు ఉన్నాయో లేదో చూసి కొనడం మనం చేయగలిగిన మేలు.

మన కుండీలో బతుకుతుందా?

ఆ పూలు చూశాక ఒక మొక్క ఇంటికి తెచ్చుకోవాలనిపించడం సహజం. అయితే లావెండర్ చలికాలమంతా మంచులో నిద్రపోయి, ఎండలు రాగానే పూసే మొక్క. మన ఉక్కపోత దానికి గిట్టదు. నేలలో వేస్తే మొదటి వానాకాలమే గండం. కుండీలో అయితే ప్రయత్నించవచ్చు. ఫ్రెంచ్ లావెండర్‌గా పిలిచే రంపపు ఆకుల రకం వేడిని కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది.

అడుగున చిల్లులున్న మట్టి కుండీ తీసుకోవాలి. సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక, కొద్దిగా ఎరువు చాలు. మట్టి పులుపు స్వభావానిదైతే చిటికెడు సున్నం కలపాలి. అక్టోబరు, నవంబరుల్లో నాటి, రోజూ ఆరు గంటల ఎండ తగిలేలా ఉంచాలి. వేలితో చూసి మట్టి పొడిగా ఉంటేనే నీళ్లు. ఎండి చచ్చే లావెండర్ల కన్నా ప్రేమ ఎక్కువై నీళ్లతో చచ్చేవే ఎక్కువ! పూశాక పైపైన కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. ముదురు కాండం జోలికి మాత్రం వెళ్లకూడదు. వానల్లో చూరు కిందికి, నడివేసవిలో మధ్యాహ్నపు నీడలోకి జరపాలి.

బీరువాలో... దిండు పక్కన...

కంకులను చిన్న కట్టలుగా కట్టి, గాలి ఆడే గదిలో నీడన తలకిందులుగా వేలాడదీస్తే రెండు వారాల్లో ఎండుతాయి. పూలు రాల్చి పల్చటి నూలుగుడ్డ మూటల్లో కట్టి చీరల మధ్య పెట్టుకోవచ్చు. వాసన తగ్గినప్పుడు ఓసారి నలిపితే మళ్లీ వస్తుంది. ఇది పురుగును చంపదు, కొంతవరకు దూరంగా ఉంచుతుందంతే. కానీ కలరా ఉండల కన్నా నయం. జీ6పీడీ ఎంజైము లోపమున్న పసిపిల్లలకు ఆ ఉండలతో దాచిన బట్టలు తొడిగితే రక్తకణాలు దెబ్బతినే ప్రమాదముంది.

నూనెను నేరుగా చర్మానికి రాయకూడదు. చెంచాడు కొబ్బరినూనెలో రెండు మూడు చుక్కలు చాలు. తాగడానికి అసలు పనికిరాదు. పిల్లలకు, పిల్లులకు అందకుండా ఉంచాలి. దిండు పక్కన ఓ మూట పెట్టుకుంటే మనసు కాస్త నెమ్మదిస్తుంది గానీ, నిద్రలేమికి వైద్యుణ్ని చూడాల్సిందే.

ఇంతా చేసి కుండీలో మొక్క నిలవకపోతే? బెంగ అక్కర్లేదు. మన దవనం ఉండనే ఉంది. చలికాలంలో హాయిగా పెరుగుతుంది. దాని నూనెను విదేశీ అత్తరు తయారీదారులు దక్షిణాది నుంచే కొనుక్కుంటారు. హైదరాబాద్ బోడుప్పల్‌లో సుగంధ మొక్కల పరిశోధనకు సీఎస్ఐఆర్-సీమ్యాప్ కేంద్రమూ ఉంది. భదర్వా రైతులు తమ చలికి తగిన మొక్కను వెతుక్కున్నారు. మన ఎండకు తగిన పరిమళాలు మన పెరట్లోనే ఉన్నాయి. లావెండర్ మూట భదర్వా నుంచి తెప్పించుకుందాం, దవనం మాత్రం మన కుండీలోనే పెంచుకుందాం!