తప్పు అమ్మమ్మది కాదు



"ఈ ఫోన్ నాకు రాదమ్మా, నువ్వే చూడు" అనే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒక్క పది నిమిషాలు ఇది చదవండి. ఇది మా అమ్మ కథ. మా పాప కథ కూడా.

అమ్మ కొనకనమిట్లలో ఒక్కతే ఉంటుంది. పొదిలికీ మార్కాపురానికీ నడుమ ఉన్న మా ఊరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మేం ఒంగోలులో ఉంటాం. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. నాన్న పోయాక "మా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అని ఎన్నిసార్లు అడిగినా అమ్మ ఇల్లు వదల్లేదు. పోయిన సంక్రాంతికి టచ్ ఫోన్ కొనిచ్చాం. వీడియో కాల్ చేయడం నేర్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఇంగ్లీషు అక్షరాలు అమ్మకు రావు. అందుకని గుర్తులు పెట్టుకుంది. కింది వరుసలో రెండో బొమ్మ, పచ్చది. అది నొక్కితే నా ఫొటో. ఫొటో నొక్కితే పైన కెమెరా బొమ్మ. అంతే. ఆ రోజు నుంచి రాత్రి ఏడు గంటలకు మా ఇంట్లో ఫోన్ మోగేది. పాప ఆ రోజు స్కూల్లో జరిగింది చెప్పేది, అమ్మ కందిచేను గురించి చెప్పేది.

ఆషాఢంలో ఒక రోజు ఏడు గంటలకు ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. పక్కింటి వాళ్లకు చేస్తే "అమ్మ బాగానే ఉందక్కా, పొలానికి పోయింది" అన్నారు. పన్నెండు రోజులు అలా గడిచాయి. నా పనుల్లో నేనూ పడిపోయాను. ఆదివారం బస్సెక్కి ఊరికి వెళ్తే, ఫోను తువ్వాలులో చుట్టి ట్రంకు పెట్టెలో ఉంది.

"ఏం నొక్కానో ఏమో అమ్మాయ్, చెడిపోయింది. అంత డబ్బు పెట్టి కొన్నారు. చెడగొట్టానని చెప్పబుద్ధి కాలేదు" అంది.

ఆ పన్నెండు రోజుల్లో మూడు రోజులు అమ్మకు జ్వరం. పక్కింటి అబ్బాయి పొదిలి తీసుకెళ్లి సూది వేయించుకొచ్చాడు. మాకు చెప్పొద్దని వాళ్లతో అమ్మే అన్నదట.

ఫోను చెడిపోలేదు. రాత్రికి రాత్రి అప్‌డేట్ అయింది. పచ్చ బొమ్మ కింది వరుసలోంచి వేరే పేజీలోకి పోయింది. ఇంతకు ముందు కాల్ వస్తే బొమ్మ నొక్కితే చాలు. ఇప్పుడు దాన్ని పైకి తొయ్యాలి. అమ్మ నొక్కుతోంది, నొక్కుతోంది, ఫోన్ మోగి ఆగిపోతోంది. ఫోన్ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఏ కంపెనీ అయినా ఏదో ఒక రోజు ఈ పని చేస్తూనే ఉంది.

పాప ఫోన్ తీసుకుని రెండు సెకన్లలో అంతా సరిచేసేసింది. "ఇంతేనా అమ్మమ్మా! ఇది మా స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకి కూడా వచ్చు" అని నవ్వింది. అమ్మా నవ్వింది. కానీ ఆ నవ్వు నవ్వేటప్పుడు అమ్మ తల దించుకుంది. పాపను కోప్పడబోయి ఆగాను. ఎందుకంటే సంక్రాంతికి నేను అన్న మాటే అది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా, ఇంత చిన్న విషయం!" పిల్ల నా దగ్గరే నేర్చుకుంది.

మా అమ్మకు తెలివి లేదా?

కందికాయ చేత్తో నలిపి ఎన్ని రోజుల్లో కోతకు వస్తుందో చెప్పగలదు. పదేళ్ల నాటి అప్పుల లెక్క వడ్డీతో సహా నోటితో చెబుతుంది. అంతెందుకు, బటన్ల ఫోన్‌ను పదేళ్లు చీకట్లో కూడా వాడింది. ఆ ఫోన్లలో 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది, గుర్తుందా? దాన్ని వేలితో తడిమి మిగతా అంకెలు ఎక్కడున్నాయో పట్టేసేది. ఆ 5 అంకె ఏ రాత్రీ చోటు మారలేదు.

టచ్ ఫోన్లు వచ్చిన కొత్తలో బటన్ బటన్‌లాగే కనిపించేది. కాస్త ఉబ్బెత్తుగా, నీడతో, కింద పేరుతో. 2013లో ఐఫోన్ ఐఓఎస్ 7 వచ్చినప్పుడు ఆ నీడలు, ఉబ్బెత్తులు తీసేసి అంతా చదునుగా చేశారు. మిగతా వాళ్లూ ఆ చదును దారినే పట్టారు. ఏది బటనో, ఏది ఊరికే రాసిన మాటో తెలియకుండా పోయింది. చాలాచోట్ల బొమ్మల కింద పేర్లు కూడా పోయాయి. మూడు గీతలు, మూడు చుక్కలు మిగిలాయి. 2019లో ఆండ్రాయిడ్ 10తో వెనక్కి వెళ్లే బటన్ బదులు తెర అంచు నుంచి వేలితో తోసే పద్ధతి వచ్చింది. అలా తొయ్యాలని తెర మీద ఎక్కడా రాసి ఉండదు. ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్లు లేని ఇంట్లో ఏం చేయాలి?

ఇది తయారుచేసే వాళ్లకు తెలియక జరిగేది కాదు. అక్షరానికీ వెనకున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ పేజీల అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అయినా తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు మనకు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. వేలితో నొక్కే చోటు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసేవాళ్లకు గూగుల్ చెప్పే సూచన. ప్రకటన మూసే 'ఇంటూ' గుర్తు మాత్రం ఆవగింజంతే ఉంటుంది.

అమెరికాకు చెందిన డొనాల్డ్ నార్మన్ 1988లోనే రోజువారీ వస్తువుల తయారీ మీద ఒక పుస్తకం రాశారు. తలుపును లాగాలో తొయ్యాలో తెలియక మనిషి తికమకపడితే తప్పు మనిషిది కాదు, ఆ తలుపు చేసిన తీరుది అన్నది ఆయన వాదన. అలాంటి తలుపులను ఇప్పటికీ 'నార్మన్ తలుపులు' అంటారు. మా అమ్మ చేతిలో ఉన్నదీ అలాంటి తలుపే.

చదువుకున్న మన సంగతి?

ఇది పెద్దవాళ్ల సమస్య అనుకుంటే పొరపాటే. నేను డిగ్రీ చదివాను, ఉద్యోగం చేస్తున్నాను. ఒక యాప్‌లో రీఛార్జ్ చేస్తుంటే ఏదో బీమాకు ముందే టిక్ పెట్టి ఉంది. చూసుకోకుండా డబ్బు కట్టేశాను. ఇంకోసారి వద్దనుకుంటే, ఆ బటన్ మీద "వద్దు, నా కుటుంబ రక్షణ నాకు అక్కర్లేదు" అని రాసి ఉంది. వద్దు అనడానికి కూడా సిగ్గుపడేలా!

ఇలాంటి వలలకు హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లో 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టాడు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అడగని వస్తువును బిల్లులో కలపడం, "ఇంకా రెండే మిగిలాయి" అని లేని తొందర పెట్టడం, వద్దంటే సిగ్గుపడేలా మాటలు రాయడం, చేరడం తేలిక చేసి మానుకోవడం కష్టం చేయడం, ధరను చివర్లో కొంచెం కొంచెంగా పెంచడం, ప్రకటనను వార్తలా చూపించడం ఆ జాబితాలోవే. మీకు ఇలా జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఇంకో విషయం కూడా మన పిల్లలు తెలుసుకోవాలి. బ్యాంకు కేవైసీ ఫోన్‌లో చేసేటప్పుడు కెమెరా ముందు కళ్లు ఆర్పమంటారు కదా. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఆర్పలేరు. చూపు లేనివాళ్లకు ముఖం ఆ చట్రంలో సరిగ్గా పెట్టడం కష్టం. వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. ఈ పద్ధతులను వాళ్లకూ వీలయ్యేలా మార్చమంది. అంటే మారాల్సింది తెర అని దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే చెప్పినట్టు.

మంచి ఉదాహరణలూ లేకపోలేదు. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. కొత్త యాప్ దించుకోనక్కర్లేదు, కొత్త పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అప్పటికే చేతికి అలవాటైన చోటికే సేవ వచ్చింది. అలవాటైన చోటు ఎంత విలువైనదో మా అమ్మ ట్రంకు పెట్టె చూశాక నాకు అర్థమైంది.

ఆ ఆదివారం మిగిలిన కథ

మధ్యాహ్నం పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఇవే మాటలు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మమ్మ దగ్గరికి వెళ్లి "ఈసారి నేను ముట్టుకోను అమ్మమ్మా, నువ్వే నొక్కు" అంది. నేను వంటింట్లో, వాళ్లిద్దరూ వసారాలో. అమ్మ ఆరుసార్లు నాకు ఫోన్ చేసింది. ఆరుసార్లూ ఎత్తాను. ఆరోసారి పాప నోరు విప్పకుండానే చేసింది.

అటక మీద నా చిన్నప్పటి పలక ఉంది. మార్కాపురం రాతిపలక. ఒకప్పుడు దేశంలో ఎన్నో బడులకు మన మార్కాపురం నుంచే పలకలు వెళ్లేవి. పాప దాన్ని దించి, తుడిచి, బలపంతో అమ్మమ్మ ఫోన్ తెరను దాని మీద గీసింది. పచ్చ బొమ్మ ఎక్కడుందో అక్కడ గుండ్రం, కాల్ వస్తే వేలు ఎటు తొయ్యాలో అటు బాణం. గోడకు తగిలించింది.

"మళ్లీ మారిస్తే ఏం చేస్తావే?" అని అడిగింది అమ్మ.

"చెరిపి మళ్లీ గీస్తా."

ఈ నెల మన ఇళ్లలో ఇవి చేద్దామా?

1. పెద్దవాళ్ల చేతిలోంచి ఫోన్ లాక్కోవద్దు. వేలు వాళ్లదే ఉండాలి, మాట మనది. మనం నొక్కి చూపిస్తే మనకే వస్తుంది, వాళ్లకు రాదు.

2. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచండి, భాష తెలుగులోకి మార్చండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కింద మూడు బటన్లు కనిపించే పాత పద్ధతికి తిరిగి మార్చుకునే వీలుంది. అది పెట్టండి.

3. ముఖ్యమైన ముగ్గురి నంబర్లు మొదటి తెర మీదే షార్ట్‌కట్‌లుగా ఉంచండి. యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ కాకుండా ఆపవచ్చు. కానీ భద్రత కోసం అప్‌డేట్‌లు అవసరమే కాబట్టి, ఊరికి వెళ్లినప్పుడల్లా మీరే చేసి, ఏం మారిందో దగ్గరుండి చూపించండి.

4. డబ్బు విషయంలో ఒక్క మాట కంఠస్థం చేయించండి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికి కావాలి గానీ, మనకు డబ్బు రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

5. "నీకు రాదు" అనే మాట ఇంట్లో మానేద్దాం. "దీన్ని ఎక్కడ దాచారో చూద్దాం" అందాం. మన పిల్లల్లో కొందరు రేపు ఇలాంటి యాప్‌లు తయారుచేసేవాళ్లే. తెర ముందు తల దించుకున్న ఒక మనిషి ముఖం వాళ్లకు ఇప్పుడే తెలిస్తే, రేపు బటన్ పెట్టేటప్పుడు గుర్తొస్తుంది.

పోయిన వారం ఏడు గంటలకు అమ్మ దగ్గర నుంచి వీడియో కాల్ రాలేదు. ఏడుంబావుకు పక్కింటి వాళ్ల నంబరు నుంచి మామూలు కాల్ వచ్చింది. గొంతులో బెరుకు లేదు.

"అమ్మాయ్, రాత్రి మళ్లీ ఏదో మార్చారు. నా తప్పేం లేదులే. ఏదీ, పాపను పిలువు. బలపం చేత్తో పట్టుకునే ఉన్నా."