హాజరు పుస్తకంలో రెండో గడి

కరీంనగర్ టవర్ సర్కిల్ సమీపాన ఒక పెద్ద వస్త్ర దుకాణంలో చీరల అంతస్తుకు మేము కొన్నేళ్లు సూపర్‌వైజరుగా పనిచేశాము. ఉదయం కౌంటర్లు పంచడం, విప్పిన చీరలు మడత పెట్టించడం, స్టాకు సరిచూడడం, అలిగిన కొనుగోలుదారును శాంతపరచడం మా బాధ్యతలు. హాజరు పుస్తకమూ మా చేతిలోనే ఉండేది. అందులో ఆలస్యానికి ఒక గడి. ఎర్రసిరాతో నిమిషాలు రాసేవారము. నెలాఖరున జీతంలో కోత పడేది. యజమాని సొమ్ము మా వద్ద అమానతు కనుక ఇందులో తప్పు లేదనుకున్నాము.

ఒక రంజాన్ మాసంలో, పల్లె నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకరోజు ఆలస్యమైంది. మేము కలం తీయగానే మెల్లగా అన్నది: “మేడం, ఇప్పుడు పది నిమిషాలు రాస్తున్నరు. రాత్రి నలభై నిమిషాలు ఎక్కువ నిలబడ్డ. అది ఏడ రాసిండ్రు?”

మా వద్ద జవాబు లేదు.

ఆ రాత్రి తరావీహ్ అనంతరం నిద్ర పట్టలేదు. దివ్యఖుర్ఆన్‌లోని 83వ సూరా ‘అల్ ముతఫ్ఫిఫీన్’, తాము పూర్తిగా కొలిపించుకొని ఇతరులకు తగ్గించి ఇచ్చేవారిని హెచ్చరిస్తుంది. అది తక్కెడ పట్టేవారికే అనుకున్నాము. గడియారంతోనూ తక్కువ తూచవచ్చని ఆనాడే తెలిసింది.

మరునాడు పుస్తకంలో రెండో గడి గీశాము: రాత్రి అదనపు నిమిషాలు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల హద్దు పెట్టి, మించిన పనికి రెట్టింపు వేతనం ఇమ్మన్నది. నెలాఖరున రెండు గడులనూ యజమాని ముందుంచాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రెట్టింపు వేతనం ఇవ్వలేదు. కోతలు మాత్రం ఆపించారు. దూరపు అమ్మాయిలను చివరి బస్సు వేళకు పంపడానికి ఒప్పుకున్నారు. న్యాయంలో అది సగమే.

కూర్చునే సంగతి అడిగే ధైర్యం మాకు చాలలేదు. కోజికోడ్ దుకాణాల మహిళలు పోరాడగా కేరళ 2018లో, ఆపైన తమిళనాడు 2021లో ఆ హక్కును చట్టంలో చేర్చాయి. మా అంతస్తులో ఒక్క స్టూలైనా వేయించలేకపోయాము. మా చేతిరాతతో పడిన పాత కోతలూ తిరిగి రాలేదు. ఆ బాకీ మా పేరిటే ఉన్నది.

పండుగ కొనుగోళ్లకు వెళ్లే సోదరీమణులారా! మీ ముందు చీరలు విప్పుతున్న అమ్మాయి ఉదయం నుంచి నిలబడే ఉన్నది. దుకాణం మూసే వేళకు వెళ్లకండి. ఆమె నిమిషాలకూ లెక్క ఉన్నది.