మిద్దె మీద నడక

కరోనా కట్టడిలో 2020 ఏప్రిల్ 26 నుంచి 29 దాకా కోయంబత్తూరు, మదురై నగరాల్లో కిరాణా అంగళ్లకు కూడా తాళాలు పడ్డాయి. కోయంబత్తూరు రేస్ కోర్స్ చుట్టూ ఉన్న నడకబాట అంతకు నెల ముందే ఖాళీ అయింది. మా పీలమేడులో జనం మిద్దెలెక్కారు. సాయంత్రం ఐదు దాటితే ఏ మిద్దె చూసినా ఒకరో ఇద్దరో నడుస్తూ కనిపించేవారు. ఎవరూ చెప్పకుండానే అందరూ గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు కుడివైపుగా తిరిగేవారు. నీళ్ల ట్యాంకు చుట్టి రావడం, దండెం కింద తల వంచడం, మళ్లీ మొదలుపెట్టడం. కాళ్లు అలిసేవి, మనసు మాత్రం ఎక్కడికీ చేరేది కాదు.

అలా తిరుగుతుంటే మా అవ్వ గుర్తొచ్చేది. వ్యాయామం అనేది ఆమె ఎరగదు. చేదబావి, రుబ్బురోలు, పశువుల కొట్టం, పత్తిచేను. వీటి నడుమ ఆమె నడిచిన దూరం ఎవరు లెక్కపెట్టారు? విజయనగర, నాయక రాజుల కాలాల్లో దక్షిణానికి వచ్చి, ఈ కొంగునాడు నల్లరేగడిలో పత్తి వేసుకున్న తెలుగు కుటుంబాలు మావి. ఇక్కడ నీళ్లు లోతున ఉండేవి. మోట తోలే మనిషి ఎడ్లతో పాటు ఏటవాలు బాటలో పొద్దస్తమానం దిగుతూ ఎక్కుతూ ఉండాల్సిందే. ఆ చాకిరీని తప్పించిందీ ఈ ఊరే. దేశంలో తొలి విద్యుత్ మోటారుగా చెప్పుకునేదాన్ని 1937లో జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు ఇక్కడే తయారుచేశారు. తర్వాత ఊరి నిండా పంపుసెట్ల కార్ఖానాలు వెలిశాయి. 1955లో సభాపతి అనే ఆయన చేసిన వెట్ గ్రైండరు వచ్చింది.

అవ్వ భుజాలు రాత్రుళ్లు ఎంత సలిపేవో తెలిసినవాళ్లెవరూ ఆ యంత్రాలను తప్పుపట్టరు. గ్రైండరు మా ఇంటికి వచ్చిననాడు ఆమె దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పాత రోజులు తిరిగి రావాలని నేను కోరను. అయితే రోలు మూలపడ్డాక పక్కింటావిడ వచ్చి కూర్చోవడం తగ్గింది. బావికి మోటారు బిగించాక గట్టు మీద నలుగురు చేరే పనే లేకపోయింది. ఒళ్లు వంగే చోటల్లా పక్కన ఒక మనిషి ఉండేది. నా మిద్దె నడకలో కొరవడింది అదేనని నాకు మెల్లగా తెలిసివచ్చింది.

పనామె రాలేని ఆ నెలల్లో మా పిల్లలు గొంతుక్కూర్చుని ఇల్లు తుడిచారు. మిద్దె మీది కుండీలకు బిందెలతో నీళ్లు మోశారు. మా అన్న కొడుకు కొన్నాళ్లు ఫోను ముందు పెట్టుకుని గుంజీళ్లు తీశాడు, ఆ తర్వాత బిందెలే మేలన్నాడు. వాడి చెల్లెలు కూడా చెంబు పట్టుకుని వెంట ఎక్కేది కదా! ఆ నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త సూచనలు వెలువరించింది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ ఉండాలంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు సాగాలన్న పాత షరతును తీసేసింది. నాలుగు మెట్లెక్కినా, గది ఊడ్చినా లెక్కలోకి వస్తుందన్నమాట. చదివినప్పుడు నిజంగా సంతోషమేసింది.

మదురైలో మా పెద్దత్తది వేరే కథ. ఆమెకు చక్కెర జబ్బు, మోకాళ్ల నొప్పి. రోజూ తెల్లవారుజామున వండియూరు మారియమ్మన్ తెప్పకుళం చుట్టూ నడిచేది. తిరుమల నాయకుడు 1645లో కట్టించిన కోనేరది. ఆయన మహలు ఇటుకలకు మట్టి తీసిన గొయ్యే కోనేరైందని మదురైలో చెప్పుకుంటారు. ఒక్కో వైపు దాదాపు వెయ్యి అడుగులు, ఒక చుట్టు తిరిగితే కిలోమీటరు దాటుతుంది. అత్తతో పాటు నడిచే ఆడవాళ్లంతా తెలుగు ఇళ్లవాళ్లు. ఇంట్లో మనవలు ఆమె మాటకు తమిళంలో బదులిస్తారు. ఆమె రోజు మొత్తంలో గుక్కతిప్పుకోకుండా తెలుగు మాట్లాడేది ఆ గట్టు మీదే. జూన్ 24న మదురైలో మళ్లీ పూర్తి కట్టడి పెట్టి జూలై నడిమి దాకా పొడిగించినప్పుడు ఆమె బాగా దిగులుపడింది. "కాళ్లకేం నాయనా, నడవలో తిరిగినా సాలు. నోటికే పని లేదు" అంది ఫోనులో.

అప్పటినుంచి ఇద్దరం కలిసే నడిచాం. చెవిలో ఫోను పెట్టుకుని నేను మిద్దె మీద, ఆమె వీధివాకిలి నుంచి పెరటి దాకా సాగే సన్నపాటి ఇంట్లో. నడుమ రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఆమె చెప్పే పెళ్లిళ్లు, పాత తగాదాలు, చేల గట్ల పేర్లు వింటుంటే ఎప్పుడు చీకటి పడేదో తెలిసేది కాదు. చక్కెర అదుపులోనే ఉందని డాక్టరు చెప్పాడట. మందు వేసుకుంటూనే ఉంది గనుక అంతా నడక మహిమే అనను. కానీ ఒంటరిగా అయితే ఆమె వారం కూడా నడిచేది కాదు.

ఆ ఏడు చివర్లో అత్తావాళ్లు తెప్పకుళం గట్టు మీదికి మళ్లీ వెళ్లారు. మూతికి మాస్కు, మనిషికీ మనిషికీ రెండు బారల ఎడం. వినపడాలంటే అరవాల్సిందే. వాళ్ల తెలుగు రోడ్డు అవతలి దాకా వినిపించేదట. అక్కడ పూలమ్మే ఆమె ఒకరోజు, "మాదీ తెలుగేనమ్మా, ఇన్నేండ్లూ మీరు అరవోళ్లనుకున్నా" అందట. ఇప్పుడు పొద్దున్నే మొదటి చుట్టు ఆమె కూడా వీళ్లతో కలిసి నడిచి, ఆ తర్వాతే బుట్ట దించుకుంటుంది.