లాంబార్డుల వెంట పోదాం పదండి

ఇటలీ అనగానే రోము, వెనిసు, ఒరిగిన పీసా గోపురం! ఇంకో ఊరి పేరెత్తరేం మీరు? నాకదే కోపం. ఈసారికి నా మాట వినండి. లాంబార్డులు నడిచిన దారి పట్టుకుందాం.

ఎవరా వాళ్ళు? జర్మనీలో ఎల్బె నది దిగువన మసలిన జనం. తరాల తరబడి దక్షిణానికి జరుగుతూ ఇప్పటి హంగేరీ దాకా వచ్చారు. 568లో రాజు ఆల్బోయిన్ అందర్నీ ఇటలీకి బయల్దేరదీశాడు. పెళ్ళాం పిల్లలు, గొడ్డూగోదా, తట్టాబుట్టా... మొత్తం జాతే కదిలింది!

అందుకే మిలాన్‌లో దిగి మొదలెట్టకండి. వాళ్ళలాగే తూర్పు గుమ్మంలోంచి రండి. స్లొవేనియా సరిహద్దులో మతాయుర్ కొండ ఉంది. ఆల్బోయిన్ ఎక్కి ఇటలీని తేరిపార చూసింది ఇక్కణ్ణుంచేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఈ జాతి చరిత్ర రాసిన 8వ శతాబ్దపు సన్యాసి పాల్ ద డీకన్ ఈ ప్రాంతం బిడ్డే. రాజెక్కిన కొండమీది అడవిదున్న తోలు పరిస్తే పదిహేనుమంది పక్కపక్కన పడుకోవచ్చట! కళ్ళారా చూసిన ముసలాయన చెప్పాడని రాశాడు. ఇలాంటి కబురు చెవిన పడ్డాక కొండెక్కడానికి కాళ్ళు నొప్పులంటారా?

దిగితే చివిదాలే. దీన్ని ఏలుకోమని ఆల్బోయిన్ అంటే అతని బంధువు గిసుల్ఫ్ ఊరికే ఒప్పుకున్నాడా? తను కోరిన వంశాలు తన వెంట ఉండాలన్నాడు, మేలుజాతి ఆడగుర్రాల మందలూ కావాలన్నాడు. రెండూ దక్కాకే కుదురుకున్నాడు. బేరమంటే అదీ! అలాంటి గుర్రాలవాళ్ళ ఊళ్ళో చిన్న గుడిలోకి తొంగిచూడండి. పైన గారతో మలిచిన ఆరుగురు స్త్రీమూర్తులు బారుగా నిలబడి ఉంటారు. ఆ మడతల చీరకట్టు... కాదు కాదు, అంగీల సొగసు చూడాల్సిందే. బయటికొచ్చాక గుబానా తినకుండా కదలొద్దు. వాల్‌నట్లు, ఎండుద్రాక్ష కూరి చుట్టి కాల్చే తీపిరొట్టె.

తర్వాత పావియా. మూడేళ్ళు ముట్టడించాడు ఆల్బోయిన్. ఊరంతా నరికేస్తానని ఒట్టేశాడు. తీరా కోట గుమ్మంలో గుర్రం కూలబడింది. ఒట్టు తీసి గట్టున పెడితే గానీ లేవలేదట! బుద్ధున్న గుర్రం.

మోంజాలో లాంబార్డుల రాణి థియోడెలిండా పేరు చెప్పి చూపించే కోడి ఉంది. వెండితో చేసి బంగారు పూత పూసిన తల్లికోడి, చుట్టూ ఏడు పిల్లలు. అక్కడున్న పేరుమోసిన కిరీటం కోసం వెళ్ళినవాళ్ళు కోడి దగ్గరే ఆగిపోతారు.

774లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ లాంబార్డుల రాజ్యాన్ని గెలుచుకున్నాడు. వాళ్ళ గుర్తులు మాత్రం చెరగలేదు. 2011లో యునెస్కో ఏడు చోట్లను కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. చివిదాలే నుంచి బ్రెషా, స్పోలేతో, బెనెవెంతో మీదుగా మోంతె సంతాంజెలో గుహాలయం దాకా. ఆరు చూసొచ్చి అయిపోయిందంటే ఒప్పుకోను, ఏడూ చూడాలి!