300 హెర్ట్జ్ కింద

కమ్యూనికేషన్స్ క్లాసులో 300 అన్న అంకె దగ్గర ఆగిపోయాను. ఒకే తీగ మీద బోలెడు ఫోన్ మాటలు పంపడానికి, ఒక్కో గొంతుని ఒక్కో క్యారియర్ మీదికి ఎక్కించి, తలా 4 కిలోహెర్ట్జ్ జాగా ఇచ్చారట. అందులో గొంతు వాటా 300 నుంచి 3400 హెర్ట్జ్. మిగతాది చెరుకు మడుల మధ్య గట్టులాంటిది, ఒకరి మాట ఇంకొకరి మాటలో కలవకుండా.

అంటే రోలుగుంట నుంచి నాన్న బూత్‌లో మాట్లాడినప్పుడు, ఆయన బొంగురు గొంతుకి అడుగున, 100 హెర్ట్జ్ దగ్గర్లో ఉండే మోత నా దాకా రానేలేదన్నమాట. పైనున్న హార్మోనిక్స్ విని, లేని అడుగుని మెదడే పూరించుకుంటుంది.

చెరుకు డబ్బులు వచ్చాయా అని అడిగితే, "వచ్చేస్తాయిలేమ్మా, నువ్వు సదూకో" అనేవాడు. ఆ మాటలో రానిదాన్ని కూడా నేనే పూరించుకునేదాన్ని. ఆ సెమిస్టర్ ఫీజు మాత్రం టైముకే కట్టాడు.