జూన్ ఆఖరి ఆదివారానికి ఎక్కడ దిగాలి

న్యూయార్క్ వెళ్తున్నామని తెలుగువాళ్ళు ఇంట్లో అంటే ముందు వినపడేది హోటల్ పేరు కాదు, చుట్టాల పేరు. న్యూజెర్సీ ఎడిసన్‌లో పిన్ని, ఐసెలిన్‌లో మేనమామ, ప్రిన్స్‌టన్ దగ్గర నాన్నగారి స్నేహితుడు. "మా ఇల్లుండగా హోటల్లో దిగడమేంటి?" అని వాళ్ళు ఎంత ప్రేమగా అంటారో, కాదనడం మనకి అంత కష్టం. పెళ్ళికొచ్చినా, ఉద్యోగం పని మీదొచ్చినా, ఊరు చూడ్డానికొచ్చినా ఆ ప్రేమే ఆసరా. నేనూ ఈ దేశంలో మొదట కాలు పెట్టింది అలాంటి ఇంట్లోనే. కానీ జూన్ ఆఖరి ఆదివారం జరిగే మా క్వీర్ మనుషుల పండుగ, ప్రైడ్ మార్చ్‌కి వస్తూ "అక్కా, ఎక్కడ దిగమంటావు?" అని పిల్లలు ఫోన్ చేస్తే మాత్రం నేను మొదట చెప్పే మాట ఒకటే. ఆ రెండు మూడు రాత్రులూ చుట్టాలింట్లో దిగకండి.

తామెవరన్నది ఇంట్లో చెప్పుకున్నవాళ్ళు, చెప్పాక కూడా అయినవాళ్ళు దగ్గరకి తీసుకున్నవాళ్ళు ఎక్కడైనా దిగొచ్చు. నా మాట ఇంకా చెప్పుకోలేనివాళ్ళకి. నాకు ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే.

నేనూ నా సహచరీ ఉండేది జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర. ఒక ప్రైడ్ ఆదివారం రాత్రి మాతో పాటే, మాన్‌హటన్‌కీ న్యూజెర్సీకీ మధ్య నడిచే పాత్ రైల్లో వచ్చాడు డాలస్ కుర్రాడొకడు. అక్కడ దిగి నెవార్క్ రైలు పట్టుకుని, నెవార్క్‌లో మళ్ళీ రైలు మారి ఐసెలిన్‌లో పిన్ని ఇంటికి చేరాలి. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని సంచీలోంచి దూదీ, నెయిల్ పాలిష్ రిమూవర్ సీసా తీశాడు. నీలం రంగు. బొటనవేలితో మొదలుపెట్టి పది గోళ్ళూ తుడిచాడు. ఆ ఘాటుకి పక్కన కూర్చున్నావిడ లేచి అవతలికి వెళ్ళింది. గోళ్ళ అంచుల్లో మిగిలిన రంగుని కీచైన్ కొసతో గీకాడు. కనురెప్పల మీద పూసుకున్న గ్లిటర్ తడి టిష్యూకి రాలేదు, బుగ్గల మీదికి పాకింది. తెల్ల చొక్కా తొడుక్కుని, "చెవి వెనకాల ఇంకా మెరుస్తోందా అక్కా?" అని అడిగాడు. మెరుస్తోంది. నా చున్నీ కొంగు తడిపి తుడిచాను. ఆఫీసు స్నేహితులతో బ్రాడ్‌వే నాటకానికి వెళ్ళానని పిన్నికి చెప్పాడట. నాటకం కథేమిటని అడుగుతుందేమోనని రైలు వచ్చేదాకా ఫోన్‌లో ఆ కథ చదువుకున్నాడు.

ఆ పిన్ని చెడ్డ మనిషి కాదు. రాత్రి పదకొండింటికి వచ్చినా అన్నం వేడిచేసి, ఆవకాయ వేసి, ఎదురుగా కూర్చుని తినిపించే మనిషి. అందుకే ఆమె ముందు అబద్ధమాడటం వాడికి అంత బరువైంది. పగలంతా వేలమంది మధ్య తలెత్తుకు నడిచిన పిల్లాడు రాత్రికి ఆ నడక ఆనవాలు ఒంటిమీద లేకుండా తుడుచుకోవాల్సి వస్తే, అంత దూరం వచ్చి అందుకున్నది సగమైపోతుంది. అప్పటినుంచీ ఏ బస గురించి అడిగినా నేను ముందు చూసేది అద్దె కాదు, దూరం కాదు. మార్చ్‌లో వేసుకున్న బట్టలతోనే ఆ గుమ్మం తొక్కగలరా, లేదా? అది తేలాకే మిగతావన్నీ.

నిజానికి ఈ పండుగ పుట్టుకలోనే తలదాచుకునే చోటు లేనివాళ్ళున్నారు. 1969 జూన్ 28 తెల్లవారుజామున గ్రెనిచ్ విలేజ్‌లో, క్రిస్టఫర్ స్ట్రీట్ మీదున్న స్టోన్‌వాల్ ఇన్ అనే బార్ మీద పోలీసులు దాడి చేస్తే జనం ఎదురుతిరిగారు. ఆ బార్‌కి ఎదురుగా చిన్న పార్కు ఉంది. ఇళ్ళలోంచి గెంటేసిన పిల్లలు ఆ చుట్టుపక్కలే తిరుగుతూ ఆ బెంచీల మీద పడుకునేవాళ్ళు. ఆ రాత్రి ఎదురు నిలిచినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. మరుసటి ఏడాది అదే తేదీన మొదటి మార్చ్ విలేజ్ నుంచి సెంట్రల్ పార్క్ దాకా నడిచింది. ఆ 1970లోనే సిల్వియా రివెరా, మార్షా పి. జాన్సన్ అనే ఇద్దరు స్టార్ అన్న సంఘం పెట్టి, ఈస్ట్ సెకండ్ స్ట్రీట్‌లో ఒక శిథిలమైన ఇంట్లో నీడలేని ట్రాన్స్ పిల్లలకి చోటిచ్చారు. పిల్లలు వీధిన పడకూడదని పెద్దవాళ్ళు వీధిలో సంపాదించి ఆ ఇంటి అద్దె కట్టారు. అది ఎన్నాళ్ళో నిలవలేదు. సిల్వియా తర్వాత కొన్నేళ్ళు హడ్సన్ నది ఒడ్డున రేవుల దగ్గర ఇల్లు లేకుండానే బతికింది. ఇంటివాళ్ళు వద్దన్న క్వీర్ పిల్లల కోసం ఈ ఊళ్ళో ఇప్పుడు పనిచేస్తున్న అలీ ఫోర్నీ సెంటర్ 2002లో మొదలైంది. వీధిలోనే బతికి, 1997లో వీధిలోనే హత్యకి గురైన ఒక యువవ్యక్తి పేరు అది.

అలా చోటిచ్చిన ఇల్లు ఇంకొకటి మాన్‌హటన్‌లోని చెల్సీ పేటలో, వెస్ట్ 22వ వీధిలో ఉంది. 1982లో ఎయిడ్స్‌తో మనుషులు రాలిపోతున్నప్పుడు, రోగుల కోసం కొత్తగా పుట్టిన గే మెన్స్ హెల్త్ క్రైసిస్ అనే సంస్థకి ఆఫీసు పెట్టుకునే చోటు దొరకలేదు. రికార్డు కంపెనీ నడిపే మెల్ షెరెన్ అనే ఆయన తన ఇంట్లో చోటిచ్చాడు. తర్వాతి కాలంలో ఆ ఇల్లే గే ప్రయాణికుల అతిథిగృహమైంది. చెల్సీలో దిగినవాళ్ళని ఆ వీధి మీదుగా ఒకసారి నడవమంటాను. అక్కణ్ణించి దక్షిణానికి వస్తే సెవెన్త్ అవెన్యూ, గ్రెనిచ్ అవెన్యూ కలిసే చోట ఎయిడ్స్ స్మారకం తెల్లటి ఉక్కు పందిరి కనిపిస్తుంది. దాని ఎదుటే ఒకప్పుడు సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి ఉండేది. మూసేశాక అక్కడ ఖరీదైన ఫ్లాట్లు వచ్చాయి. మార్చ్ సెవెన్త్ అవెన్యూ ఎక్కాక దాని పక్కనుంచే సాగుతుంది.

ఇక దారి సంగతి. బస వెతికేటప్పుడు మార్చ్ దారి మ్యాప్‌లో గీసుకోండి. ఇటీవలి ఏళ్ళలో అది ఫిఫ్త్ అవెన్యూ మీద 25వ వీధి ప్రాంతంలో బయల్దేరి దక్షిణానికి వస్తుంది. ఎయిత్ స్ట్రీట్ దగ్గర పడమరకి తిరిగి, క్రిస్టఫర్ స్ట్రీట్‌లో స్టోన్‌వాల్ ముందు నుంచి నడిచి, సెవెన్త్ అవెన్యూ మీద ఉత్తరానికి మళ్ళి చెల్సీలో ముగుస్తుంది. మొత్తం కలిపి గుర్రపు నాడాలా ఉంటుంది. ఆదివారం పొద్దున్నుంచీ ఈ దారి పొడవునా బారికేడ్లు. నాడా లోపల చిక్కిన సిక్స్త్ అవెన్యూ హోటల్ నుంచి స్టోన్‌వాల్ పది నిమిషాల నడకేనని బుకింగ్ సైట్ చూపిస్తుంది. ఆ రోజు ఆ పది నిమిషాలకి అర్థం లేదు. రోడ్డు దాటనిచ్చే చోటు ఏ మలుపులో ఉందో వెతుక్కుంటూ, జనంలో అంగుళం అంగుళం జరగాలి. దాటడానికి తేలికైన దారి భూమి లోపలే. 14వ వీధి సబ్‌వే స్టేషన్లో సిక్స్త్, సెవెన్త్ అవెన్యూలని కలిపే పొడవాటి సొరంగం నడక ఉంది. మాకు తెలిసినవాళ్ళందరికీ దాన్ని ముందురోజే చూసి పెట్టుకోమంటాం.

మార్చ్ ఎంతసేపు సాగుతుందో కూడా కొత్తవాళ్ళు ఊహించలేరు. 2019లో స్టోన్‌వాల్ యాభయ్యేళ్ళ పండుగకి అది పన్నెండు గంటలు దాటి, అర్ధరాత్రి అయ్యాక గానీ ముగియలేదు. మామూలు ఏడాదైనా సాయంత్రం దాకా తప్పదు. జూన్ చివరి ఎండ, నెత్తి మీద నీడ ఉండదు, బాత్‌రూమ్ దొరకడం గగనం. మధ్యలో ఒక గంట వెళ్ళి చన్నీళ్ళు పోసుకుని, కాళ్ళు చాపుకుని మళ్ళీ రాగలిగితే రోజంతా నిలబడతారు. దగ్గర్లో గది తీసుకోవడానికి నాకు తెలిసి ఇదే అసలైన కారణం. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు, పెద్ద వయసువాళ్ళు దీనికోసం నాలుగు డాలర్లు ఎక్కువైనా పెట్టమంటాను.

అయితే ఎక్కువయ్యేది నాలుగు డాలర్లు కాదు. విలేజ్‌లో హోటళ్ళు కొద్దే, చెల్సీలో ఆ వారాంతం ధరలు మండిపోతాయి. చూపించిన ధర మీద నగరంలో 14.75 శాతం పన్ను, ఆపైన రాత్రికి మూడున్నర డాలర్లు. 300 డాలర్ల గది చేతికొచ్చేసరికి 347 డాలర్ల 75 సెంట్లు. నలుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకుందామనుకుంటే ఆ దారీ మూసుకుపోయింది. 2023 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలవుతున్న నగర చట్టం ప్రకారం 30 రోజులకి తక్కువైన అద్దెకి ఇంటివాళ్ళు నగరంలో నమోదు చేసుకోవాలి, అతిథులున్నన్నాళ్ళూ వాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. కాబట్టి చెల్సీలో మొత్తం ఫ్లాట్, నలుగురికి, మూడు రాత్రులు అన్న ప్రకటన కనిపిస్తే డబ్బు పంపకండి. చట్టప్రకారం ఇచ్చే ఇల్లయితే అవతలి గదిలో ఇంటివాళ్ళుంటారు. వాళ్ళకి ముందే రాయండి: మేమిద్దరం జంట, ప్రైడ్‌కి వస్తున్నాం అని. జవాబులో ఆదరణ ఉందో, ముక్తసరితనం ఉందో ఒక్క వాక్యంలో తెలిసిపోతుంది.

డబ్బు దగ్గర బిగువుగా ఉన్నవాళ్ళకి నేను రెండు చోట్లు చెబుతాను. ఒకటి మా జెర్సీ సిటీ. నది ఒడ్డున న్యూపోర్ట్, ఎక్స్ఛేంజ్ ప్లేస్ దగ్గర హోటళ్ళున్నాయి. పాత్ రైలు రాత్రంతా నడుస్తుంది, ఆఖరి రైలు పోతుందన్న బెంగ ఉండదు. ఎడిసన్‌కి ఆ సుఖం లేదు. మాన్‌హటన్ పెన్ స్టేషన్ నుంచి ముప్పావు గంట ప్రయాణమే అయినా, చీకటి పడ్డాక అసలు సందడి మొదలయ్యే వేళకి గడియారం చూసుకుంటూ కూర్చోవాలి. క్రిస్టఫర్ స్ట్రీట్‌లో పాత్‌కి ఒక స్టేషన్ ఉంది గానీ ఆదివారం ఆ ఇరుకు మెట్లు నమ్ముకోవద్దు, 14వ వీధిలోనో 23వ వీధిలోనో దిగి నడవండి. రెండోది క్వీన్స్. లాంగ్ ఐలండ్ సిటీలో హోటళ్ళు ఎక్కువ, ధర మాన్‌హటన్ కంటే నయం, 'E' అక్షరమున్న సబ్‌వే రైలు ఎక్కితే నేరుగా విలేజ్‌లోని వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్. అదే రైలు మీద ఇంకొంచెం దూరంలో జాక్సన్ హైట్స్. మన దేశపు అంగళ్ళు బారులు తీరిన ఆ పేటలో 1990లో హూలియో రివెరా అనే యువకుణ్ణి గే అన్న కారణానికే కొట్టి చంపారు. ఆ దుఃఖంలోంచి 1993లో క్వీన్స్ ప్రైడ్ పుట్టి, ఏటా జూన్ మొదటి ఆదివారం అక్కడే జరుగుతోంది. జూన్ ఆఖరికి రాలేనివాళ్ళు దానికి రండి. చీర కట్టుకున్న అమ్మమ్మలు కాలిబాట మీద నిలబడి చూసే ప్రైడ్ అది. నాకు మాన్‌హటన్ మార్చ్ కన్నా అది దగ్గరగా అనిపిస్తుంది.

హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో భయం ఉంటుంది. కౌంటర్ దగ్గర గుమాస్తా ఇద్దరి ఆధార్ కార్డులూ పక్కపక్కన పెట్టి "మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగిన అనుభవం వాళ్ళ ఒంట్లో ఉండిపోతుంది. అందుకే ఇక్కడా రెండు మంచాల గది అడుగుతారు. రెండో మంచం దుప్పటిని పొద్దున్నే లేచి నలిపి పెట్టిన జంట కూడా నాకు తెలుసు. గది శుభ్రం చేసే ఆవిడ ఏమనుకుంటుందోనని. ఒక్క మంచం గది అడగండి. ఈ నగరంలో లైంగికతని బట్టి గది నిరాకరించడం 1986 నుంచీ, జెండర్ గుర్తింపుని బట్టి నిరాకరించడం 2002 నుంచీ చట్టవిరుద్ధం. నది ఇవతల న్యూజెర్సీలోనూ అలాంటి చట్టాలే ఉన్నాయి. ట్రాన్స్ మిత్రులు మాత్రం బుకింగ్ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరు మీదే చేసి, ఏ పేరుతో పిలవాలో హోటల్‌కి ముందుగా రాయండి. అర్ధరాత్రి కౌంటర్ దగ్గర నిలబడి వివరించుకునే బాధ తప్పుతుంది.

వీలైతే శుక్రవారం సాయంత్రానికే దిగండి. శనివారం లెస్బియన్ల డైక్ మార్చ్ ఉంటుంది, 1993 నుంచీ. బ్రయంట్ పార్క్‌లో మొదలై వాషింగ్టన్ స్క్వేర్ దాకా. కంపెనీల బళ్ళుండవు, పోలీసు అనుమతి అడగరు. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని రోడ్డుకి అడ్డంగా గొలుసుకట్టి ట్రాఫిక్ ఆపుతారు. చివర ఫౌంటెన్‌లోకి దూకుతారు. తడిసిన బట్టలతో రైల్లో వణుక్కుంటూ రావడం కంటే నడిచి చేరేంత దూరంలో గది ఉంటే ఆ సాయంత్రం ఇంకా బాగుంటుంది.

మంచి గదులు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే అయిపోతాయి. రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోండి. పిన్నికి ఏం చెప్పాలంటారా? పనుంది, ఊళ్ళో ఉంటున్నాను, సోమవారం మధ్యాహ్నం భోజనానికి వస్తాను అనండి. అందులో ఒక్క అబద్ధమూ లేదు. ఆ భోజనం దగ్గర ఇంకేమైనా చెప్పాలనిపిస్తే చెప్పండి, అనిపించకపోతే పప్పూ అన్నం తిని రండి. ఏ గదికీ డబ్బు సరిపోకపోతే నాకు ఫోన్ చేయండి. మా హాల్లో సోఫా ఒకటుంది, కింద పరుపులు వేస్తే ఇంకో ముగ్గురు పడతారు. రిమూవర్ సీసా తెచ్చుకోనక్కర్లేదు.