చారాణా కోడికి బారాణా మసాలా

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు లంచ్ టైములో ఫోను నా ముందు పెట్టి, "అన్నా, మా ఇంట్లో పాత ప్యాషన్ ఉంది. కేఫ్ రేసర్‌లా మార్పిద్దామనుకుంటున్నా. నలభై వేలవుతుందంట, వర్తేనా?" అని అడిగాడు. వద్దని ఒక్క ముక్క చెప్పేసి పెరుగన్నం కలుపుకోవచ్చు. కానీ ఆ ఒక్క ముక్క తెలుసుకోడానికి నాకైన ఖర్చు అక్షరాలా డెబ్భై ఐదు వేలు. అంత పోసి కొన్న జ్ఞానాన్ని ఒక్క ముక్కలో ఇచ్చేస్తే ఎలా? అందుకే ఈ టపా :)

మా నాన్నది 2003లో కొన్న హీరో హోండా స్ప్లెండర్. నాన్న ఎల్లైసీ ఏజెంటు. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆ బండి మీదే తిరిగేవారు. అది ఇంటికొచ్చేనాటికి నాకు ఆరేళ్ళు. ముందు ట్యాంకు మీద కూర్చునేవాణ్ణి, కాస్త పెరిగాక వెనక సీటుకి ప్రమోషనొచ్చింది. 2018లో నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అదే ఏడు బండి ఆర్సీకి పదిహేనేళ్ళు నిండితే నాన్న ఇంకో అయిదేళ్ళకి రెన్యువల్ చేయించి, "ఆటోలకి తగలెయ్యకు" అంటూ తాళం నా చేతిలో పెట్టారు. తనేమో స్కూటీ కొనుక్కున్నారు.

2022లో మంచి హైక్ వచ్చింది. చేతిలో డబ్బులు, రాత్రుళ్ళు యూట్యూబు. ఇంకేం కావాలి చెడిపోడానికి? స్ప్లెండర్ని కేఫ్ రేసర్ చేసిన వీడియోలు వరసపెట్టి చూశా. ఒక కస్టమైజేషన్ షాపు పట్టుకున్నా. "ముప్ఫై అయిదులో అయిపోద్దన్నా" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాణ్ణయ్యుండీ ఎస్టిమేట్‌ని నమ్మా, చూడండి! ట్యాంకు, పెయింటు తొమ్మిది వేలు. వెనక ఫ్రేము కోసి, గుండ్రటి లూపు వెల్డింగు చేసి, ఒంటి సీటు పెట్టినందుకు ఏడున్నర. లావు టైర్లు, వాటికి తగ్గ రిమ్ములు పదమూడు. కిందికి వంగిన హ్యాండిలు, గుండ్రటి మీటరు, హెడ్‌లైటు ఎనిమిదిన్నర. సైలెన్సరు, కోన్ ఫిల్టరు ఆరు. వైరింగు, లేబరు పది. వెరసి యాభై నాలుగు వేలు. బండి ఇవ్వక ముందు సెకండ్ హ్యాండు షాపువాడు దానికి కట్టిన ధర పన్నెండు వేలు. చారాణా కోడికి బారాణా మసాలా అంటే అక్షరాలా ఇదే.

నిజం చెప్పొద్దూ, మొదటి మూడు వారాలు మహా గొప్పగా గడిచాయి. సిగ్నల్ దగ్గర ఆగితే పక్కవాళ్ళు "ఏం బండి బ్రో?" అని అడిగేవాళ్ళు. స్ప్లెండరంటే నమ్మేవాళ్ళు కాదు. ఆఫీసు పార్కింగులో ఫోటోలు దిగారు. ఆ సంతోషం అబద్ధం కాదు.

తర్వాత మొదలైంది అసలు కథ. ఈ కేఫ్ రేసర్లనేవి 1950లు, 60లలో ఇంగ్లండు కుర్రాళ్ళు పుట్టించినవి. వాళ్ళ చేతిలో 500, 650 సీసీ ట్రయంఫులూ, నార్టన్‌లూ ఉండేవి. గంటకి వంద మైళ్ళు అందుకోవాలని బరువు పీకేసి, హ్యాండిలు కిందికి దించి, గాలికి అడ్డం రాకుండా ట్యాంకు మీదికి వాలిపోయేవాళ్ళు. ప్రతి మార్పుకీ ఒక కారణముంది. మన స్ప్లెండర్ ఇంజను 97.2 సీసీ, మహా అయితే ఏడెనిమిది హార్స్‌పవర్. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, వేగం కోసం పుట్టిన రూపాన్ని గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ముప్ఫైలో పోయే బండికి తగిలించా.

లావు టైర్ల బరువు లాగలేక సెకండ్ గేర్లో ఎక్కే ఫ్లైఓవర్ ఫస్టు గేరు అడగడం మొదలెట్టింది. ఎయిర్ బాక్సు పీకి కోన్ ఫిల్టరు పెడితే గాలి ఎక్కువొస్తుంది, పెట్రోలు మాత్రం అంతే వస్తుంది. దాంతో ఇంజను వేడెక్కి, యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా దగ్గేది. విరుగుడుగా కార్బురేటర్లో పెద్ద జెట్ వేయించా. దగ్గు తగ్గింది, దాంతోపాటు మైలేజీ అరవై నుంచి నలభైకి తగ్గింది. వెనక మడ్‌గార్డు లేదు కాబట్టి వానొస్తే నా చొక్కా వీపు మీద నడుం నుంచి మెడ దాకా బురద గీత. రోజంతా కీబోర్డు కొట్టి అరిగిపోయిన మణికట్ల మీద, ఇంటికెళ్ళేటప్పుడు ఒంటి బరువంతా ఆనించి నడపడం అదనపు వేడుక. సైలెన్సర్ చప్పుడుకి ట్రాఫిక్ పోలీసు ఒకసారి ఆపి ఫైన్ రాశాడు. ఆయన తప్పేం లేదు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా అదే పని చేసుండేవాడు, పవరుంటే.

ఇవన్నీ భరించా. భరించలేనిది ఒకటే జరిగింది.

ఆ డిసెంబర్లో నాన్న కళ్ళు చూపించుకోడానికి హైదరాబాదొచ్చారు. తెల్లారుజామున అయిదింటికి మియాపూర్లో బస్సు దిగుతారు. సర్‌ప్రైజ్ చేద్దామని బండి సంగతి చెప్పలేదు. చలిలో స్వెటరేసుకుని, చేతిసంచీ పట్టుకుని నిలబడ్డారు. వెళ్ళి ముందు ఆపా. ఒక నిమిషం గుర్తుపట్టలేదు. నంబరు ప్లేటు చూశారు. చుట్టూ తిరిగి చూశారు. ట్యాంకు మీద చెయ్యేసి, "బానే ఉందిరా" అన్నారు. తర్వాత వెనక్కి చూసి, మామూలుగానే, "మరి నేనెక్కడ కూచోవాలి?" అని అడిగారు.

సీటు లేదు. కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టులూ లేవు. యాభై నాలుగు వేలు పోసి నేను కోయించింది మా నాన్న సీటు అన్న సంగతి అప్పటిదాకా నా బుర్రకి తట్టనే లేదు. ఆటో మాట్లాడా. "ఆటోలకి తగలెయ్యకు" అన్న మనిషి ఆటోలో, వెనకాల ఆయన బండి మీద నేను. దారి పొడుగునా ఆటో వెనక రెక్సిన్ని చూస్తూ నడిపా.

నాన్న ఒక్కమాట అనలేదు. మిగతా మాట చట్టం అంది. 2023 మార్చిలో ఆర్సీ మళ్ళీ రెన్యువల్‌కొచ్చింది. బండి మా ఊరు తీసుకెళ్ళి చూపిస్తే ఇన్‌స్పెక్టర్ గారు, "ఇది కంపెనీ ఇచ్చిన బండి కాదు బాబూ, ఒరిజినల్‌గా చేసుకు రా" అని పంపించేశారు. అప్పుడు చదివా. 2019 జనవరిలోనే సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని చెప్పింది. అదే ఏడు మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పులు చేసిన ఓనరుకి ఆర్నెల్ల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా రెండూ అని రాశారు. నా బండికి ఒక్కో మార్పూ లెక్కేసుకుని నోరు మూసుకున్నా.

మా ఊరి మెకానిక్ బాబాయ్ తుక్కులో వెతికి వెనక ఫ్రేము ముక్క, పాత సీటు, మడ్‌గార్డు, సైలెన్సరు, రిమ్ములు పోగేసి మళ్ళీ స్ప్లెండర్ని చేశాడు. ఇరవై ఒక్క వేలు. మొత్తం డెబ్భై అయిదు. ఇంకాస్త వేసుకుంటే కొత్త స్ప్లెండరే వచ్చేది.

మరి పాత చిన్న బండి మీద అసలు డబ్బు పెట్టకూడదా అంటే, శుభ్రంగా పెట్టొచ్చు. అదే సైజులో మంచి టైర్లు, కొత్త బ్రేక్ షూలు, చైన్ సెట్టు, వెనక షాకబ్జార్బర్లు, హ్యాండిల్ కోన్ సెట్టు, సీటుకి కొత్త ఫోము. ఇవన్నీ చేయించినా నాకు పది వేలు దాటలేదు. సిగ్నల్ దగ్గర ఎవడూ అడగడు, కానీ బండి తేడా మొదటి గుంతలోనే తెలుస్తుంది. రంగు మార్చాలనిపిస్తే ఆర్సీలో నమోదు చేయించుకోండి. అంతకు మించి ఏం చేసినా ఇన్సూరెన్సువాడికి చెప్పకపోతే క్లెయిము రోజు పేచీ తప్పదు. తిరిగి అమ్మే ఉద్దేశముంటే, మనం పెట్టిన ముచ్చటకి కొనేవాడు పైసా ఇవ్వడు. పాత బళ్ళలో ఒరిజినల్‌గా నిలిచినవాటికే గిరాకీ.

నా లెక్క ఇప్పుడు చాలా సింపుల్. బండి చేసే పని పెరిగితే పెట్టిన డబ్బు వర్తు. పని తగ్గిపోయి చూపు మాత్రమే పెరిగితే, అది సరదా ఖర్చు. సరదా తప్పు కాదు, కాకపోతే దాన్ని ఇంట్లో ఉన్న ఒక్క బండి మీద తీర్చుకోకూడదు.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పలేదు. ఒక్కటే అడిగా, "మీ ప్యాషన్ మీద వెనక ఎవరు కూర్చుంటారు?" అని.

"అమ్మ. శనివారం శనివారం గుడికి తీసుకెళ్తా" అన్నాడు.

ఫోను లోపల పెట్టేశాడు. పోయినవారం టైర్లు, సీటు ఫోము మార్పించాడట. నాలుగు వేల ఎనిమిదొందలైందని చెప్పాడు.